బతికున్న బావకు దండ

నల్ల సిరా బుడ్డి ఒక్కటి చేతిలో ఉంటే చాలు, కత్తీ కటారూ ఏమీ లేకుండా ఒక మనిషిని పొద్దున ఏడింటికి చంపి సాయంత్రం ఐదింటికి బతికించవచ్చునని నేను మూడు డిసెంబర్ల కిందట నిరూపించాను. ఆ మనిషి పరాయివాడు కూడా కాదు, సాక్షాత్తు మా అక్క మొగుడు. మీరు నవ్వుకోండి, నాకేమీ పట్టింపు లేదు. నేను మాత్రం ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని, సిగ్గుతో రెండుసార్లు లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

ముందు నా ఘనత కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే జరిగిన ఘోరం మీకు అర్థం కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ రాకముందు నేను అక్కడ ఆర్టిస్టును. ప్రతి కిరాణా కొట్టు బోర్డు మూలన 'ఆర్టిస్ట్ రాజేశం' అని నా సంతకం ఉండేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ బోర్డులన్నిటినీ మింగేశాక నాకు ఒకే ఒక్క పని మిగిలింది. ఊళ్లో ఎవరైనా చనిపోతే ఆధార్ కార్డు మీది మసక ఫోటో తెచ్చి ఇచ్చేవారు. నేను దాన్ని చూసి సిరాతో పెద్ద బొమ్మ గీసి పదకొండో రోజుకి అందించేవాణ్ని. చుట్టూ ఫ్రేము, నుదుట బొట్టు, ఫ్రేము మీదుగా వేలాడే బంతిపూల దండ, అన్నీ బొమ్మలోనే. నిజం దండ రెండో రోజుకి వాడిపోతుంది, సిరా దండ వాడదు కదా అని నా తెలివి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఈ పనికి నాకు మంచి పేరుండేది. నేను బొమ్మ గీసినవాళ్లలో బతికున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు కాబట్టే ఇంత రభస జరిగింది.

ఇక్కడ నా ఉద్యోగం అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, సైన్‌బోర్డులు చేసే వర్క్‌షాపులో. అబుదాబి అయినా షార్జా అయినా మా ఊరివాళ్లకు అంతా దుబాయే. అక్షరాలను కంప్యూటర్ కోస్తుంది, నేను వాటి వెనక లైట్లు అతికిస్తాను. నా సిరా కలాలు పెట్టె అడుగున బనియన్ల కింద నిద్రపోతుండేవి. గది ఆ దగ్గర్లోనే ఉన్న బనియాస్‌లో. నాతోపాటు గదిలో సత్తిబాబు గారని గోదావరి జిల్లా ఆయన ఉండేవాడు. మా వర్క్‌షాపులోనే వెల్డరు. నాకంటే పదేళ్లు పెద్ద, నోట్లో నాలుక లేనంత నెమ్మదస్తుడు.

ఇక మా బావ పోశెట్టి. మా రాజమణి అక్క భర్త. కట్టే బిల్డింగుల చుట్టూ ఇనుప పైపులతో మంచెలు బిగించే పని. అంత ఎత్తున వేలాడుతూ పనిచేసే మనిషి కిందికి దిగితే మాత్రం అద్దం కనిపించినా, కారు కిటికీ కనిపించినా మీసం దువ్వుకోకుండా అడుగు ముందుకు వేయడు. ఆయన ఉండేది వాళ్ల కంపెనీ క్యాంపులో. సెలవు వస్తే మా గదికి వచ్చి నన్ను ఏడిపించి పోవడం ఆయనకున్న ఏకైక వినోదం. బావ అన్నాక బామ్మర్దిని ఏడిపిస్తాడు, అది హక్కు. బామ్మర్ది బావను చంపడం మాత్రం ఎక్కడా లేదు.

ఆ డిసెంబరులో ఈ దేశపు జాతీయ దినోత్సవం వచ్చింది. కరోనా రోజులన్నీ గదుల్లో మగ్గిన జనం సముద్రపు ఒడ్డున కార్నీష్ మీదికి ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. మధ్యాహ్నం విమానాల విన్యాసాలు. మేం ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. తలపాగాల పఠాన్లు, నల్ల బురఖాల ఆడవాళ్లు, తెల్లటి పొడుగు కందూరా అంగీల అరబ్బులు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న కేరళ తండ్రులు, సెల్ఫీల ఫిలిప్పీన్ పిల్లలు. మా ఊరి జాతరలో కూడా అంత తొక్కిడి చూడలేదు. విమానాలు రంగుల పొగ వదులుతూ నెత్తి మీదుగా దూసుకుపోతుంటే, ఎదురెండ కళ్లలో పడకుండా అందరూ నుదుటికి చేతులు అడ్డం పెట్టుకుని, నోళ్లు తెరిచి పైకి చూస్తున్నారు.

మా బావ మాత్రం పైకి చూడలేదు. అక్కడ ఫోటోలు దిగడానికి అట్టతో చేసిన పెద్ద పెద్ద ఫ్రేములు ఇస్తున్నారు. బావ ఒక ఫ్రేము సంపాదించి అందులోంచి ముఖం బయటికి పెట్టాడు. ఎవరో పంచిన జెండా రంగుల కండువాను, గాలికి ఎగిరిపోకుండా, ఫ్రేము మీదుగా వేశాడు. దాని అంచంతా ఉన్నితో చేసిన గుండ్రటి కుచ్చులు. పొద్దున గదిలో మల్లన్న క్యాలెండరుకు దండం పెట్టుకున్నాడేమో, నుదుట కుంకుమ బొట్టు కూడా ఉంది.

"బామ్మర్దీ, ఎట్లున్న రా నేను?" అన్నాడు.

"గెలిచిన సర్పంచ్ లెక్క ఉన్నవు బావా" అన్నాను.

"మరి గియ్యరాదు! ఫోటోలు ఎవడన్న దిగుతడు. ఊళ్లె సచ్చినోళ్లందరికి గీసినవు, బతికున్న బావకు ఒక్కటి గియ్యవా? మీ అక్కకు పంపుదాం, మురుస్తది."

చూశారా, అడిగింది ఆయనే. కోర్టులో పనికొస్తుందేమోనని ఈ ముక్క జాగ్రత్తగా దాచుకున్నాను. కానీ మా అక్క కోర్టులో అది చెల్లలేదు.

ఆ వచ్చిన ఆదివారం సెలవు. పెట్టె అడుగునుంచి కలాలు తీశాను. తెల్లటి పెద్ద కాగితం పరిచి పొద్దున కూర్చుంటే అన్నం కూడా మరిచిపోయాను. నిజం చెప్పొద్దూ, చేతికి పాత ప్రాణం వచ్చింది. జనాన్ని గీశాను, ఒక్కో ముఖం విడివిడిగా. ఎత్తిన చేతులు, తెరిచిన నోళ్లు. పైన విమానాలు, పొగ చారలు. నడుమ ఫ్రేములో మా బావ. ఫ్రేము మీది కండువా కుచ్చుల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నా మాట వినడం మానేసింది. అది ఏళ్ల తరబడి గీసింది ఒకే ఒక్క దండ. ఉన్ని కుచ్చు గీయమంటే దానికేం తెలుసు? రేకు రేకునా ముద్దబంతి పూలు దిగాయి. నేనేమో, ఆహా ఎంత నిండుగా వచ్చాయో అని మురిసిపోయాను. నలుపు తెలుపుల్లో జెండా రంగులు ఎలాగూ కనపడవు. కుంకుమ బొట్టు చక్కగా కనిపించింది.

సత్తిబాబు గారు వంట గట్టు దగ్గర్నుంచి గరిటె పట్టుకుని వచ్చి చూశాడు.

"ఆయ్, బొమ్మ అదిరిందండి. కాకపోతే ఏవండీ, జనవంతా ఏడుస్తున్నట్టున్నారేంటండీ?"

"అది ఏడుపు కాదు సత్తిబాబు గారు, ఆశ్చర్యం. పైన విమానాలున్నయి, సూడుండ్రి."

"అవునండి, విమానాలున్నాయి. అయితే సరేనండి."

ఆ మంచి మనిషి నన్ను హెచ్చరించాడు. దేవుడు వెల్డరు రూపంలో గరిటె పట్టుకుని వచ్చి హెచ్చరించాడు. నేను కళాకారుణ్ని కదా, వినలేదు. పైగా అంతటితో ఆగలేదు. ఆయన అటు తిరగగానే చాయ్ గ్లాసు ఎత్తబోయి కాగితం పైభాగాన ఒలకబోశాను. విమానాలన్నీ మరకలో మునిగిపోయాయి. నాకేం బాధ కలగలేదు. విమానాలు ఎవరికి కావాలి, బావ బాగున్నాడు కదా అనుకుని, ఫోన్‌లో ఫోటో తీసి ఆకాశం వరకు కత్తిరించి పారేశాను.

ఇప్పుడు మిగిలిందేమిటో మీరే చూడండి. నెత్తిన చేతులు పెట్టుకుని నోళ్లు తెరిచిన వందమంది జనం. వాళ్ల నడుమ ఫ్రేము కట్టి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసిన మా బావ.

సోమవారం తెల్లవారుజామున డ్యూటీ బస్సులో కూర్చుని దాన్ని మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కకు ఒక్కదానికే పంపితే సరిపోయేది. ఊరంతా చూసి మెచ్చుకోవాలని నా యావ. కింద ఏమైనా రాద్దామనుకుని, గొప్ప బొమ్మకు మాటలెందుకని ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఇక్కడ మనవాళ్లు ఎవరైనా పోతే దోస్తులు ఆ మాట నేరుగా చెప్పలేరు. ఒంట్లో బాగాలేదంటారు, దవాఖానలో ఉన్నాడంటారు, నసుగుతారు. ఊళ్లో అందరికీ ఈ పద్ధతి తెలుసు. ఇక ఆర్టిస్ట్ రాజేశం ఒక్క మాటా లేకుండా బొమ్మ పంపితే వాళ్లు ఏమని అర్థం చేసుకోవాలి? మా వర్క్‌షాపులో మెషీన్ల దగ్గరికి ఫోన్ తీసుకుపోనివ్వరు. లాకర్లో పడేసి పనిలోకి దిగాను. బొమ్మ పంపినప్పుడు ఇక్కడ ఐదున్నర, మన దేశంలో ఉదయం ఏడు.

పన్నెండున్నరకు భోజనం బెల్లు కొట్టారు. ఫోన్ తీస్తే గ్రూపులో రెండు వందల దాకా మెసేజులు. నా గుండె ఉప్పొంగింది. వరసగా చేతులు జోడించిన బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు. కళ చూసి ఊరు ఊరంతా కరిగి కన్నీరవుతోందనుకున్నాను.

"సూసిండ్రా సత్తిబాబు గారు? మా ఊరోళ్లు దండాలు పెడుతున్నరు!"

"మరి కళంటే అంతేనండి" అన్నాడాయన, డబ్బా మూత తీస్తూ.

నేను వినయంగా టైపు చేశాను. "అందరికి ధన్యవాదాలు. ఇది మొదటిదే. మీ అభిమానం ఇట్లనే ఉంటే మన ఊరోళ్లందరివి ఒక్కొక్కటి గీస్త. దీని తర్వాత ఎవరిది గావాల్నో చెప్పుండ్రి."

గ్రూపు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. అంతవరకు టపటపా వస్తున్న మెసేజులు ఆగిపోయాయి. ఎవరూ తమ పేరు ఇవ్వలేదు. సిగ్గుపడుతున్నారు పాపం అనుకున్నాను.

అప్పుడు మా నర్సయ్య కాక ఫోన్ చేశాడు. మా నాన్న తమ్ముడు, మా ఇంట్లో మంచికైనా చెడుకైనా ముందుండే మనిషి.

"తింటున్నవా బిడ్డా?" అన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"ఇప్పుడే డబ్బా తీసిన కాకా."

"తిను బిడ్డా, నాలుగు మెతుకులు తిను. నువ్వు దుఃఖంల మతిలేక గ్రూపుల ఏందేందో రాస్తున్నవట. పోనియ్, ఎవ్వరు ఏమనుకోలే. గని శవం ఎన్నొద్దులకు అస్తదంటరు?"

"ఎవరి శవం కాకా?"

"ఎవరి శవమేందిరా..." కాక ఏడుపు ఆపుకోలేకపోయాడు. "పోశెట్టిది."

నా చేతిలోంచి ముద్ద జారిపోయింది. ఎప్పుడు, ఎట్లా అని నేను అడిగేలోపు కాకే అన్నాడు. "పొద్దుగాల్ల ఏడింటికి ఎరుకైంది. ఊరంతా ఈడ్నే ఉన్నది. మీ అక్క మాట్లాడుతదట, ఆగు."

ఇక్కడ నా బుర్ర ఎలా పనిచేసిందో చెబుతాను, ఇదివరకు ఎవరి బుర్రా ఇంత అధ్వాన్నంగా పనిచేసి ఉండదు. బావ మంచె మీది నుంచి పడ్డాడనుకున్నాను. కంపెనీవాళ్లు నేరుగా ఇంటికి ఫోన్ చేసి చెప్పి ఉంటారనుకున్నాను. ఇక్కడి చావు కబురు పక్క గదివాడికి తెలియకముందే ఊరికి చేరడం మాకు కొత్త కాదు. నేను పంపిన బొమ్మ నాకు గుర్తుకే రాలేదు. వచ్చినా, అయ్యో, నిన్ననే ఎంత బాగా గీశాను బావను అని ఇంకో రెండు కన్నీళ్లు కార్చి ఉండేవాణ్ని.

అక్క ఫోన్ అందుకుంది. వెనక ఆడవాళ్ల శోకాలు వినిపిస్తున్నాయి. అక్క ఏడవడం లేదు.

"తమ్మీ, నువ్వొక్కనివి చెప్తే నమ్ముత. నిజమేనా?"

"నిజమే అక్కా" అన్నాను.

అన్నాను బాబూ, అన్నాను. ఎవరు చెప్పారు నాకు? కాక చెప్పాడు. కాకకెవరు చెప్పారు? నేను. నా అబద్ధం ఊరంతా తిరిగి నా దగ్గరికే వస్తే, దాని మీద నిజమేనని ముద్ర కొట్టి మళ్లీ పంపాను.

"రాత్రే మాట్లాడిండు గదరా" అంది అక్క. "రేకుల కెళ్లి నీళ్లు కారుతున్నయంటే, అచ్చినంక నేను జేస్త తియ్యి అన్నడు. అట్లన్న మనిషి ఎట్ల వోతడు?" తర్వాత మెల్లగా అంది. "ఈడ ముసలమ్మలు గాజులు తియ్యుమంటున్నరు. నేను తియ్య. మొఖం సూసిందాక తియ్య. నువ్వు పోయి మొఖం జూపియ్యి తమ్మీ."

బావ నంబరుకు చేశాను. స్విచ్ఛాఫ్. వాళ్ల సైటులోనూ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు, రోజూ ఆ వేళకు ఆఫ్‌లోనే ఉంటుంది. ఆ సంగతి నాకు మూడేళ్లుగా తెలుసు. ఆ రోజు తెలియలేదు. వర్క్‌షాపు నేల మీద కూలబడి బావా బావా అని ఏడ్చాను. సత్తిబాబు గారు నన్ను పట్టుకుని ఆయనా ఏడ్చాడు. మా ఫోర్‌మన్ సెలవిచ్చి, భుజం తట్టి, "యల్లా, జల్దీ జావ్" అని తొందరపెట్టాడు. ఇద్దరం టాక్సీ ఎక్కి బావ వాళ్ల క్యాంపు ఆఫీసుకు పరుగెత్తాం.

క్యాంప్ బాస్ గడ్డానికి గోరింట రంగు వేసుకున్న పెద్దమనిషి, పెషావర్ వైపువాడు. కంప్యూటర్ ముందు కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను బల్ల మీద రెండు చేతులూ ఆనించి వచ్చీరాని హిందీలో గోలపెట్టాను.

"మేరా బావ... మేరా జీజా మర్ గయా సాబ్! పోశెట్టి! బాడీ కహా హై?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "కౌన్ పోశెట్టి? హమారే పాస్ తీన్ పోశెట్టి హై." కంప్యూటర్లో వెతికాడు. "తీనోంకా పంచింగ్ హై సుబహ్ ఛే బజే. యాక్సిడెంట్ కా కోయీ ఖబర్ నహీ. ఫోటో దిఖావ్."

ముగ్గురు పోశెట్టిలూ పొద్దున ఆరింటికి వేలిముద్ర వేసి పనికి వెళ్లారట, ప్రమాదం కబురేదీ లేదట, పోయినవాడెవరో ఫోటో చూపించమంటున్నాడు. నా ఫోన్‌లో ముందుగా చేతికి తగిలింది ఆ బొమ్మే. చూపించాను.

ఆయన బొమ్మ చూశాడు. వెంటనే లేచి నిలబడి, నెత్తిమీది టోపీ సర్దుకుని, పెదాల్లో ఏదో దువా చదువుకున్నాడు. ఆయనకు తెలుగు రాదు, మా ఊరు తెలియదు, మా ఆచారం తెలియదు. అయినా చూసీ చూడగానే తెలిసిపోయింది.

"మాలా భీ చఢా దియా?" అన్నాడు జాలిగా, దండ కూడా వేసేశారా అని. "కబ్ మరా?" ఎప్పుడు పోయాడని.

"ఆజ్ సుబహ్" అన్నాను వెక్కుతూ.

"తో యే కబ్ బనాయా?" మరి ఈ బొమ్మ ఎప్పుడు గీశావని.

"కల్. సండే."

ఆయన నన్ను చూశాడు. బొమ్మను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"మరా ఆజ్, మాలా కల్?" చావు ఇవాళ, దండ నిన్ననా అని.

సత్తిబాబు గారు నా చేతిలోని ఫోన్ నెమ్మదిగా తన వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఏవండీ" అన్నాడు గొంతు తగ్గించి. "విమానాలేవండీ?"

అప్పుడు చూశాను నా బొమ్మను. గీసినప్పుడు చూడలేదు, పంపినప్పుడు చూడలేదు, అప్పుడు చూశాను. ఆ చేతులు, ఆ నోళ్లు, ఆ ఫ్రేము, ఆ బంతిపూలు. చనిపోయిన బావ బతికాడన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. ఆ వెనకే మా అక్క వాకిట్లో కూర్చుని ఉందన్న సంగతి గుర్తొచ్చి, ఆ గచ్చు మీద నాకు ఎక్కడైనా కన్నముంటే దూరిపోదామనిపించింది.

క్యాంప్ బాస్ తన ఫోన్‌లో సైట్ ఆఫీసుకు వీడియో కాల్ కలిపాడు. ఐదు నిమిషాలకు తెర మీద మా బావ వచ్చాడు. హెల్మెట్టు, దుమ్ము కొట్టుకున్న మీసాలు.

"ఏందిరా, డ్యూటీల పిలిపించినవ్? ఎవడన్న సచ్చిండా?"

"నువ్వే బావా" అన్నాను.

జరిగింది చెప్పాను. బావ ముఖంలో నవ్వు పోయింది. "మీ అక్కకు కలుపు ముందుగాల" అన్నాడు. ఇంకో మాట అనలేదు.

నా ఫోన్‌లో అక్కకు చేసి, రెండు ఫోన్లనూ నోటికి నోరు ఆనించి పట్టుకున్నాను.

"రాజమణీ, నేనే, పోశెట్టిని. నాకేం గాలే. మంచిగున్న."

అటు నుంచి అక్క గొంతు రాయిలా వచ్చింది. "ఎవలయ్యా నువ్వు? దుబాయ్ల దోస్తులు ఇట్లనే గొంతు మార్చి మాట్లాడి ఆడోళ్లను మబ్బ వెడతరట. నాకెరుకే. ఫోన్ వెట్టు."

"అగో, నేనేనే!"

"నా మొగడైతే మొఖం జూపియ్యి."

అప్పుడు నా ఫోన్‌లోనూ వీడియో కలిపి, బావ ఉన్న తెరను నా ఫోన్ కెమెరా ఎదుట పట్టుకున్నాను. నా చేతులు వణుకుతున్నాయి, దాంతో బావ కూడా వణికాడు. అక్కడ ఎవరో ముసలమ్మ, "అమ్మో, గజగజ వణుకుతుండు, దయ్యమే!" అని అరిచింది. సత్తిబాబు గారు వచ్చి నా రెండు మోచేతులూ కింద నుంచి గట్టిగా పట్టుకున్నాడు.

"హెల్మెట్టు తియ్యి" అంది అక్క. బావ తీశాడు. "ఆ దిక్కు తిరుగు." తిరిగాడు. "నవ్వు." నవ్వమంటే ఆ మనిషికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ముఖం చూశాకే మా అక్కకు నమ్మకం కుదిరింది.

పొద్దున్నుంచి కళ్లలో తడి లేని మనిషి ఒక్కసారిగా బోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే అరిచింది. "సచ్చినవని ఇంత పొద్దుదాక కూసున్న! సావలేదని ఒక్క ఫోన్ జెయ్యరాదా నీకు?"

"నాకేమెరుకనే నేను సచ్చినట్టు?" అన్నాడు బావ. చనిపోయినందుకు కాదు, చనిపోయిన సంగతి తెలుసుకోనందుకు బావకు తిట్లు పడ్డాయి. ఆ తిట్లు ఆయన తల వంచుకుని, కళ్లు తుడుచుకుంటూ, ప్రసాదంలా తీసుకున్నాడు. అప్పుడు ఊళ్లో సాయంత్రం ఐదయింది. పది గంటలు. మా అక్క పది గంటలు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా కూర్చుంది. బడి నుంచి వాళ్ల పాపను కూడా తీసుకొచ్చారట. ఆ పిల్లకు ఎవరేం చెప్పారో ఇప్పటికీ అడిగే ధైర్యం నాకు లేదు.

ఇక నా కళకు దక్కిన గౌరవం కూడా చెప్పాలి. మా ఊరి కుర్రాళ్లు మధ్యాహ్నానికే మండలానికి బండి మీద పోయి, నా బొమ్మలోంచి బావను కత్తిరించి, 'కన్నీటి నివాళి' అని నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించి బస్టాపు దగ్గర కట్టేశారు. నా బోర్డులన్నిటినీ మింగిన ఫ్లెక్సీ మీదికి చివరికి నా చేతి పని ఎక్కింది. ఆరు నెలల తర్వాత బావ సెలవు మీద ఇంటికి పోతే, ఆ ఫ్లెక్సీ ఎవరిదో మక్కజొన్న కుప్ప మీద కప్పి ఉందట. బావ దాని పక్కన నిలబడి మీసం దువ్వుకుని ఫోటో దిగి నాకు పంపాడు. "నన్ను సంపింది నువ్వే, ఎక్కెక్కి ఏడ్చింది నువ్వే. గిసొంటి బామ్మర్ది ఎవనికుంటడురా" అన్నాడు. ఆయన అలా నవ్వేసి మరిచిపోయాడు. ఊరు ఇప్పటికీ నవ్వుతోంది.

నేను ఇంటికి పోయింది ఆ మరుసటి ఏడాది. అక్క తిడుతుందని సిద్ధపడి పోయాను. తిట్టలేదు. అన్నం పెట్టింది, చికెన్ కూర వేసింది. నేను సగం తిన్నాక ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగింది.

"బొమ్మ ముచ్చట ఇడిశిపెట్టు తమ్మీ. నీ చెయ్యికి అలవాటైంది, గీసినవ్. గని నేను నిజమేనా అని అడిగితే, నిజమే అని ఎట్లన్నవ్? కనుక్కొని చెప్త అక్కా అన్నా అయిపోతుండె. నీకు ఫోన్ జేసేదాక, కాదేమోనని ఇంత ఆశ ఉండె నాకు. నువ్వు అన్నంక గది గూడ వాయె."

మీరంతా ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చిందక్కా అనబోయి, అది ఎంత దిక్కుమాలిన జవాబో నాకే తెలిసి, పళ్లెంలోకి తల వంచుకున్నాను. అక్క ఇంకో గరిటె కూర వేసింది.

కాబట్టి మీ అందరి ఎదుట, నిండు సభలో, నా సిరా కలాల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. బతికున్న మనిషి బొమ్మ నేను ఇక గీయను, ఎంత మీసం దువ్వి అడిగినా గీయను. ఎవరైనా పోయారని కబురు వస్తే కాకకు చేయను, క్యాంపుకు పరుగెత్తను. ముందుగా ఆ పోయిన మనిషికే ఫోన్ చేసి, పోయావా అని అడుగుతాను. ఎత్తి తిడితే సంతోషం. ఎత్తకపోతే డ్యూటీ దిగేదాకా చేస్తూనే ఉంటాను. ఈలోగా వాళ్ల ఇంటి ఆడమనిషి ఫోన్ చేసి నిజమేనా అని అడిగిందనుకోండి, నాకు తెలియదమ్మా, ఇంకా రింగవుతోంది అంటాను.